ఒకటే కథ, ఏడు కవర్లు, మిగిలిపోయిన ఇరవై కాపీలు

పోయిన నెల మా ఆఫీసు కుర్రాడొకడు ఫోన్ చేసి ఒకటే గోల. "అన్నా, కామిక్ పుస్తకం కవర్ మీద 4.99 డాలర్లు అని ప్రింట్ చేసుంది, షాపాయన అరవై అడుగుతున్నాడు, లోపల కథ కూడా అదే, బొమ్మ ఒక్కటే వేరు, ఇది బ్లాక్ టికెట్ కాకపోతే ఏంటి?" అని. వాడి కోపం నాకు అర్థమైంది, ఎందుకంటే పదేళ్ళ కింద నేనూ సరిగ్గా ఇదే మాట అన్నా. డల్లాస్ పక్కన మా ఇంటికి దగ్గర్లో ఒక కామిక్ షాపు ఉంది, మంగళవారం సాయంత్రాలు ఖాళీ దొరికితే వెళ్ళి బాక్సులు విప్పడంలో చెయ్యేస్తుంటా, జీతం లేదు, పాత కామిక్స్ ఇస్తాడు అంతే. అక్కడ వెనక గదిలో రెండేళ్ళు నిలబడ్డాక ఆ అరవై ఎక్కడ్నుంచి వచ్చిందో తెలిసింది. సమాధానం కవర్ మీద లేదు, మిగిలిపోయిన కాపీల్లో ఉంది, ఆ కాపీలు మోసుకొచ్చిన బాక్సుల్లో ఉంది.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా ఈజీ. అమెరికాలో కామిక్ షాపు తెప్పించుకున్న సరుకు మామూలుగా వెనక్కి పోదు. అమ్ముడైనా కాకపోయినా డబ్బులు కట్టాల్సిందే. మన సినిమా బయ్యర్ల భాషలో చెప్పాలంటే ఇది నష్టమొస్తే వెనక్కిచ్చే అడ్వాన్స్ మీద తీసుకున్న సినిమా కాదు, పక్కా ఎన్ఆర్ఏ, అంటే కట్టిన డబ్బు తిరిగి రాదు. ఆడకపోతే బయ్యర్ మునుగుతాడు, నిర్మాత కాదు.

ఎప్పుడూ ఇలా లేదు. ఒకప్పుడు కామిక్స్ అక్కడ పేపర్ స్టాండుల్లో, మందుల షాపుల్లో దొరికేవి, మిగిలితే వాపసు, కట్టలు మోయడం దండగని కవర్ పైముక్క చింపి పంపితే చాలనేవాళ్ళు. 1970ల మొదట్లో ఫిల్ సూలింగ్ అని బ్రూక్లిన్ స్కూల్ టీచర్ ఒకాయన, కామిక్స్ కన్వెన్షన్లు కూడా నడిపేవాడు, పబ్లిషర్ల దగ్గరికెళ్ళి నేను వాపసు ఇవ్వను, బదులుగా నాకు ఎక్కువ డిస్కౌంట్ ఇవ్వండి అన్నాడు. వాళ్ళకి అంతకంటే ఏం కావాలి. దాంతో డైరెక్ట్ మార్కెట్ అనేది పుట్టింది, ఒట్టి కామిక్స్ మాత్రమే అమ్మే షాపులు వేలల్లో లేచాయి. డిస్కౌంట్ షాపుకి వచ్చింది, రిస్కూ దాంతోపాటే వచ్చి కూర్చుంది, ఇప్పటికీ లేవలేదు.

రిస్కు ఎంతంటే, ఆర్డర్ పెట్టే టైముకి పుస్తకం ఉండదు. కేటలాగ్ రెండు మూడు నెలల ముందొస్తుంది, ఇన్ని కాపీలు అని ఒక అంకె వేస్తారు, తర్వాత రిలీజుకి మూడు నుంచి ఐదు వారాల ముందు ఎఫ్ఓసీ అని ఆఖరి గడువు ఉంటుంది, ఆదివారమో సోమవారమో. ఆ రాత్రి దాటితే అంకె మార్చలేం. ఇందులో మెలిక ఎక్కడంటే కొత్త సిరీస్ ఒకటో నెంబర్, అంటే మొదటి సంచిక, షాపులోకి వచ్చి జనం కొన్నారా లేదా తేలేలోపే రెండో నెంబర్ గడువు అయిపోతుంది, ఒక్కోసారి మూడోది కూడా తరుముకొస్తుంటుంది. మార్నింగ్ షో టాక్ రాకముందే రెండో వారం థియేటర్లకి డబ్బు కట్టేసినట్టు. పైగా ఒకటో నెంబర్ కొన్నవాళ్ళందరూ రెండోది కొనరు, అమ్మకం ఢమాల్న పడుతుంది, ఎంత పడుతుందో మాత్రం ఎవడికీ ముందు తెలీదు. అందుకే మా షాపాయన దగ్గర సైకిల్ షీట్లు అని ఉంటాయి, ఏ నెంబర్ ఎన్ని తెప్పించాడు, మొదటి వారం ఎన్ని పోయాయి, నెలకి ఎన్ని మిగిలాయి అని. ఇంత కంప్యూటర్ కాలంలో కూడా పెన్సిల్‌తో రాస్తాడు, అదో పిచ్చి.

ఇప్పుడు కవర్ల సంగతి. కథ అదే, పేజీలు అవే, పైన బొమ్మ మాత్రం వేరే ఆర్టిస్ట్ వేసింది, దాన్నే వేరియంట్ అంటారు. మొదలు 1986లో సూపర్‌మ్యాన్‌ని కొత్తగా చెప్పిన మ్యాన్ ఆఫ్ స్టీల్ ఒకటో నెంబర్ రెండు కవర్లతో రావడం అని ఎక్కువమంది చెప్తారు. 1991లో మార్వెల్ ఎక్స్-మెన్ ఒకటో నెంబర్‌ని ఐదు కవర్లతో దింపింది, 81 లక్షల కాపీలు దాటాయి, గిన్నిస్ రికార్డు ఇప్పటికీ దానిదే. వినడానికి అబ్బో అనిపిస్తుంది, కానీ ఆ 81 లక్షలు షాపులు కొన్న కాపీలు, పాఠకులు కొన్నవి కాదు. ఒక్కొక్కడు ఐదేసి కొని, పిల్లల కాలేజీ ఫీజుకి పనికొస్తాయని అటక మీద దాచాడు, షాపుల వాళ్ళు గోడౌన్లలో దాచారు. అందరి దగ్గరా ఉన్నదానికి రేటెలా వస్తుంది? ఇవాళ్టికీ ఆ పుస్తకం చిల్లర డబ్బాల్లో డాలరుకీ రెండు డాలర్లకీ దొరుకుతుంది, నా దగ్గరే మూడున్నాయి. ఆ బుడగ 1993 తర్వాత పేలింది, వేల షాపులు మూతపడ్డాయి, 1996 డిసెంబర్‌లో మార్వెల్ కూడా దివాలా పిటిషన్ వేసింది.

అంత జరిగాక కూడా వేరియంట్లు పోలేదు, ఇంకా ముదిరాయి. 2013లో మార్వెల్‌కి పోటీ పబ్లిషర్ డీసీ వాళ్ళు జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా ఒకటో నెంబర్‌కి ఏకంగా 50 రాష్ట్రాలకీ ఒక్కో జెండా కవర్ వేశారు, అది చాలదన్నట్టు ఇంకొన్ని పైన. ఇప్పుడు పెద్ద సిరీస్ ఏదైనా ఏ, బీ, సీ, డీ అంటూ నాలుగైదు కవర్లు మామూలు. వీటిలో ఎన్ని కావాలంటే అన్ని ఆర్డర్ చేసుకునేవి కొన్ని, వాటితో పెద్ద బాధ లేదు, ఏ బొమ్మ పోతుందో ఊహించడమే తలనొప్పి. అట్ట కాస్త మందంగా వేసి ఒక డాలర్ ఎక్కువ పెట్టేవి కొన్ని. పోయినసారి ఆర్డర్‌లో 125 శాతమో 150 శాతమో దాటితేనే ఇస్తాం అనేవి ఇంకొన్ని. అసలు కథంతా రేషియో వేరియంట్లలో ఉంది. 1:10, 1:25, 1:50, 1:100 అని రాసుంటుంది. 1:50 అంటే మామూలు కాపీలు యాభై తెప్పిస్తే ఆ స్పెషల్ కవర్ ఒక్కటి కొనుక్కునే హక్కు వస్తుంది. ఉచితం కాదు, హక్కు. మొదటిదైన 'ఏ' అక్షరం కవర్ ఒక్కటే లెక్కలోకొస్తుందా, అన్ని కవర్లూ కలిపా అనేది మళ్ళీ పబ్లిషర్‌ని బట్టి మారుతుంది, అది సరిగ్గా చదవకపోతే నలభై తొమ్మిది దగ్గర ఆగిపోయి ఏడవాలి.

గుంటూరు జిల్లాలో మా బాబాయికి ఎరువుల షాపు ఉంది. ఓసారి ఫోన్లో ఇదంతా చెప్తుంటే ఆయన సగంలోనే ఆపి, "ఓరి, లింకు పెట్టారన్నమాట" అన్నాడు. యూరియా లోడు కావాలంటే ఎవడూ అడగని డబ్బాలు కూడా దించుకోవాలి, దించుకున్న డీలరు వాటిని రైతుకి అంటగట్టలేక గోడకి పేర్చుకోవాలి, అదే లింకు. ఇక్కడ తిరగబడిందంతే, మామూలు కాపీలే లింకు సరుకు, స్పెషల్ కవరే యూరియా.

సరే, ఆ అరవై డాలర్ల పుస్తకం లెక్క వేద్దాం. కవర్ రేటు 4.99, షాపుకి సగం డిస్కౌంట్ అనుకుందాం, అంటే కాపీ రెండున్నర డాలర్లు పడింది. ఈ సిరీస్ మా షాపులో ముప్పై పోతుందని సైకిల్ షీట్ చెప్తోంది. 1:50 కావాలంటే యాభై తెప్పించాలి, ఎక్కువ వచ్చినవి ఇరవై, అంటే 50 డాలర్లు. స్పెషల్ కవర్ రేటు కూడా అదే రెండున్నర. మొత్తం 52.50. ఆ ఒక్క పుస్తకానికి షాపు నిజంగా పెట్టిన పెట్టుబడి ఇది. ఇన్వాయిస్‌లో మాత్రం దాని పక్కన 2.50 అనే ఉంటుంది, ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

దాన్ని 60కి ఈబేలో పెట్టి అమ్మాడనుకోండి, ఫీజులకి 13 శాతం పైనే పోతుంది, చేతికొచ్చేది 52. ఇంకా అర డాలరు లోటు. మిగిలిన ఇరవై కాపీలు డాలర్ డబ్బాలో వేస్తే నిదానంగా, ఏడాదికో రెండేళ్ళకో ఇరవై డాలర్లు రావచ్చు, అదే లాభం. ఇంత ఎగిరి దూకితే మిగిలేది అది. స్పెషల్ కవర్‌కి గిరాకీ లేక 25కే పోయిందంటే? అది కూడా మామూలే, ఎందుకంటే రేషియో పెద్దదైతే రేటు పెద్దదవ్వాలని రూలేం లేదు. కొనేవాడికి ఆ ఆర్టిస్ట్ నచ్చాలి. 1:100 అని గొప్పగా రాసుంటుంది, బొమ్మ చూస్తే ఎవడికీ అక్కర్లేదు.

కాబట్టి కుర్రాడికి నేను చెప్పింది ఇదే, బ్లాక్ టికెట్ అమ్మేవాడు టికెట్ దొరికాక రేటు పెంచుతాడు, ఈ షాపువాడు టికెట్ ఒక్కటి దొరకడానికి ఇరవై ఖాళీ సీట్లు కొన్నాడు. అయినా అందరు షాపు వాళ్ళూ సత్యహరిశ్చంద్రులని నేననను, సహజంగానే యాభై దాటి ఆర్డర్ పెట్టే పెద్ద షాపుకి ఆ స్పెషల్ కవర్ రెండున్నరకే పడుతుంది, వాడూ అరవైకే అమ్ముతాడు. అక్కడ మాత్రం మా కుర్రాడి మాటలో కొంచెం నిజముంది. చిన్న షాపు ఆ రేటుని చూసి పోటీకి దిగి దెబ్బ తింటుంది.

ఇక ఎవరూ మాట్లాడని భాగం, రవాణా. 1982లో బాల్టిమోర్‌లో స్టీవ్ గెప్పీ అనే ఆయన డైమండ్ అనే డిస్ట్రిబ్యూషన్ కంపెనీ పెట్టాడు. 1994 చివర్లో మార్వెల్ కంపెనీ హీరోస్ వరల్డ్ అనే డిస్ట్రిబ్యూటర్‌ని కొనేసి మా సరుకు ఇక వీళ్ళ దగ్గరే అంది, దాంతో మిగతా పెద్ద పబ్లిషర్లంతా డైమండ్ వైపు పరిగెత్తారు, 1996లో పోటీ కంపెనీ క్యాపిటల్ సిటీని డైమండ్ మింగేసింది, 1997కి మార్వెల్ ప్రయోగం అటకెక్కి వాళ్ళూ డైమండ్‌కే వచ్చారు. అక్కడ్నుంచి 2020 దాకా దాదాపు ఇరవై మూడేళ్ళు కొత్త కామిక్ అంటే డైమండ్ బాక్సే. గుత్తాధిపత్యం అని అందరూ తిట్టేవాళ్ళు. తిట్టడంలో తప్పు లేదు, కానీ వారానికి ఒకటే షిప్‌మెంట్, ఒకటే బిల్లు, ఒకటే ఫోన్ నెంబర్. ఆ సుఖం పోయాకే తెలిసింది.

2020 కరోనా మొదట్లో డైమండ్ కొత్త పుస్తకాలు పంపడం ఆపేసింది, డీసీ అదే ఏడాది జూన్‌లో డైమండ్‌తో తెగతెంపులు చేసుకుని ఇండియానాలో ఉన్న లూనార్ అనే డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి పోయింది. 2021 అక్టోబర్ నుంచి మార్వెల్ కూడా పెంగ్విన్ రాండమ్ హౌస్‌కి, తర్వాత ఐడీడబ్ల్యూ, 2023లో డార్క్ హార్స్ అనే పబ్లిషర్లు కూడా అటే, ఇమేజ్ అనే ఇంకో పబ్లిషర్ 2023లో లూనార్‌కి. మిగిలింది పీల్చి పిప్పి అయిన డైమండ్, 2025 జనవరిలో చాప్టర్ 11 దివాలా వేసింది. అమ్మిపెట్టమని చిన్న పబ్లిషర్లు వాళ్ళ గోడౌన్లో పెట్టిన సరుకు ఎవరిది, అప్పులోళ్ళదా మాదా అని కోర్టులో గొడవ దాకా పోయింది.

దీని వల్ల షాపులో ఏం మారిందో చూడండి. ఒక వారానికి షాపు 600 డాలర్ల సరుకు తెప్పిస్తుంది అనుకుందాం, ఒకే చోట్నుంచి వస్తే రవాణాకి 30 అయింది, అంటే 5 శాతం. అదే సరుకు ముగ్గురి దగ్గర్నుంచి 300, 200, 100గా వస్తే, ఆ 100 డాలర్ల బుల్లి ఆర్డర్‌కి కూడా బాక్సు బాక్సే, ఇంధన సర్‌చార్జి సర్‌చార్జే, షాపు గుమ్మం దాకా వచ్చే మనిషి మనిషే. దానికి 15 డాలర్లు పడితే 15 శాతం. పెంగ్విన్ వాళ్ళు మార్వెల్‌ని తీసుకున్నప్పుడు అమెరికా షాపులకి రవాణా ఫ్రీ అన్నారు, చిన్న షాపులకి అది నిజంగా ఊరటే, కానీ ఫ్రీ అన్నది ఎక్కడో డిస్కౌంట్‌లో సర్దుకునే ఉంటుంది, పెళ్ళిళ్ళ షాపింగ్‌లో బ్లౌజు పీసు ఫ్రీ అన్నట్టు. ఒకరిది ఫ్రీ అయినంత మాత్రాన మిగతావాళ్ళ బాక్సులు ఫ్రీ కావు కదా.

ఆ 15 శాతం బాక్సులోంచి ఒక 4.99 పుస్తకం తీయండి. కొన్నది 2.50, రవాణా 37 సెంట్లు. ప్రతి నెంబరూ తన పేరున తీసిపెట్టమని చెప్పిన రెగ్యులర్ కస్టమర్‌కి పుల్ లిస్ట్ డిస్కౌంట్ అని 10 శాతం ఇస్తే అర డాలరు పోయింది. ప్లాస్టిక్ కవరు, వెనక అట్ట కలిపి పదిహేను సెంట్లు, కార్డు గీకితే ఇంకో పదిహేను. మిగిలింది డాలరూ ముప్పై. ఇందులోంచే అద్దె, కరెంటు, జీతం. ఇప్పుడు ఒక్క కాపీ అమ్ముడు కాకుండా ఉండిపోతే పోయేది 2.87, అంటే అమ్ముడైన రెండు కాపీల లాభం ఊడ్చిపెట్టుకుపోయి ఇంకా కొంచెం అప్పు. అందుకని ఆ మూడో బాక్సు అవసరమా అని మా షాపాయన ప్రతి సోమవారం తల పట్టుకుంటాడు. ఆ మూడో బాక్సులో ఉండేది ఎక్కువగా చిన్న పబ్లిషర్ల పుస్తకాలే, కొత్తవాళ్ళు రాసి గీసినవి. రవాణా ఖర్చు వల్ల ముందు చచ్చేది అవే, సూపర్ హీరోలు కాదు. నాకు వేరియంట్ల కంటే ఇదే ఎక్కువ బాధ.

వేరియంటూ రవాణా కలిసి ఎలా కొడతాయో ఒక మంగళవారం కళ్ళారా చూశా. నాలుగు బాక్సులొచ్చాయి, ఒకదాని మూల పచ్చడి అయిపోయి ఉంది. కాగితం బరువెక్కువ, ఒక కామిక్ అరవై డెబ్భై గ్రాములుంటుంది, రెండొందలు పేరిస్తే బాక్సు బాగా బరువెక్కుతుంది, ఎవడో జారవిడిచుంటాడు. కత్తితో టేపు కోసి తీస్తే పై కట్ట బాగానే ఉంది, అడుగు కట్టలో కింది మూలలన్నీ తమలపాకు మడిచినట్టు మడిచిపోయాయి. లోపల కుదుపు ఆపడానికి పెట్టింది ఒకే ఒక్క పొర గోధుమ కాగితం. ఆ కట్టలోనే 1:50 ఉంది. మా షాపు పెద్దాయన దాన్ని వెలుతురులో వంచి చూశాడు, వెన్ను మీద తెల్లటి చీలిక. ఏం మాట్లాడలేదు, పక్కన పెట్టి ఫోటో తీసుకున్నాడు, గడువులోపు కంప్లయింట్ పెట్టాలి కాబట్టి. రెండు రోజులకి జవాబొచ్చింది, బదులు పంపడానికి ఆ కవర్ స్టాకు లేదు, క్రెడిట్ ఇస్తాం అని. ఎంత క్రెడిట్? ఇన్వాయిస్ రేటు. రెండున్నర డాలర్లు.

గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. దాని కోసం తెప్పించిన ఇరవై కాపీలు మాత్రం చెక్కుచెదరకుండా వచ్చాయి, వాటిని వాపసు తీసుకోరు. పాడైంది రెండున్నర వస్తువని వాళ్ళ కంప్యూటర్ అంటుంది, వెనక గదిలో లెక్క 52.50 అంటుంది, రెండూ నిజమే, ఎవరి లెక్క వాళ్ళది. అప్పుడప్పుడు పబ్లిషర్లు ఈ నెంబర్ వాపసు తీసుకుంటాం అని ఆఫర్ ఇస్తారు, కానీ తిప్పి పంపే ఖర్చు, ఫీజు లెక్కేస్తే చాలాసార్లు డాలర్ డబ్బానే నయం.

మరి బతికేవాళ్ళు ఎలా బతుకుతున్నారంటే, నేను చూసినంతలో, రేషియోని వెంటాడటం మానేసినవాళ్ళే నిద్రపోతున్నారు. మా షాపాయన పద్ధతి, ఎఫ్ఓసీకి వారం ముందే కవర్ల బొమ్మలు కస్టమర్లకి పంపుతాడు, 1:25 కావాలన్నవాడు ముందే డబ్బులు కట్టాలి, కట్టినవాడు ఉంటేనే అంకె పెంచుతాడు. లేదంటే సహజంగా ఎంత పోతుందో అంతే. ఇంకో ఊళ్ళో తెలిసిన షాపుతో మాట్లాడుకుని మీకు నలభై, మాకు పది అని సర్దుకోవడం కూడా ఉంది, ఆ ఒక్క కవర్ ఎవరు అమ్మాలన్న దగ్గర మళ్ళీ పంచాయితీ. సొంతంగా షాపు పేరు మీద స్పెషల్ కవర్ వేయించుకునేవాళ్ళూ ఉన్నారు, వందలు వేలల్లో కాపీలు తీసుకోవాలి, ఆర్టిస్టుకి కట్టాలి, ఆన్‌లైన్లో పేరున్న షాపులకే ఆ ఆట. ఈ మధ్య బ్లైండ్ బ్యాగులొచ్చాయి, సీలు వేసిన కవర్లో ఏ బొమ్మ ఉందో తెలీదు, చిన్నప్పుడు మనం పది పైసలు పెట్టి చీటీ చింపినట్టే. రిస్కు కాస్త షాపు నుంచి కొనేవాడి మీదకి జరిగింది, అందుకేనేమో షాపు వాళ్ళు పెద్దగా తిట్టట్లేదు.

మొన్న సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి నేను అక్కడే ఉన్నా. కొత్త సిరీస్ మూడో నెంబర్, 1:50లో బొమ్మ నిజంగానే అదిరింది. పెద్దాయన సైకిల్ షీట్ చూశాడు, ఒకటో నెంబర్ నలభై రెండు, రెండోది ఇంకా షాపులోకే రాలేదు. కీబోర్డు మీద 50 కొట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగి డాలర్ డబ్బాల వైపు చూశాడు, పదకొండున్నాయి, పన్నెండోది పెట్టడానికి చోటు లేదు. 50 చెరిపేసి 28 కొట్టి సబ్మిట్ నొక్కి, లైటు ఆర్పెయ్యమని నాకు సైగ చేశాడు.